పైకి చూస్తే అవును

ఆ బుధవారం రువైదా చేయవలసిన పనులు ఇవి. రోగి ముఖానికి అతికించే వెండి బిళ్ళలకు పూసే ఉప్పు జిగురు మందుల షాపులో దొరుకుతుందేమో చూడాలి, దొరక్కపోతే తనే కలుపుకోవాలి. వెండి బిళ్ళలకు పట్టిన నల్లటి మరకలను పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది వదిలించాలి. వీధి జనరేటరు నడిపే అబూ షాదీని పట్టుకుని, రోగి దగ్గర పని జరిగేంతసేపు లైను మార్చవద్దని బతిమాలాలి. మిషన్ గొంతు తగ్గించాలి, పక్క వార్డువాళ్ళు ఉలిక్కిపడుతున్నారు. రోగిని ఆసుపత్రి నుంచి పంపే కాగితం మీద డాక్టర్ షౌకీ చేత సంతకం పెట్టించాలి. సునియ్యకు జవాబు చెప్పాలి.

ఆ చివరిది తప్ప మిగతావన్నీ ఎలాగోలా అయ్యేవే.

సునియ్య అడిగింది చిన్న ప్రశ్న. “మా ఆయన నిజంగానే అవునన్నాడా?”

ఆయన పేరు వజీహ్. లెబనాన్‌లోని ట్రిపోలీలో కుర్చీల వీపుల మీద తీగలూ ద్రాక్ష గుత్తులూ చెక్కి పేరు తెచ్చుకున్న మనిషి. పెద్ద కొడుకు రాగిద్ పేరుతో అందరూ ఆయన్ను అబూ రాగిద్ అని, సునియ్యను ఉమ్ రాగిద్ అని పిలుస్తారు. చలికాలంలో మెదడులో రక్తం గడ్డకట్టి, ఆయన ఒళ్ళు మొత్తం పడిపోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. కళ్ళను పైకీ కిందికీ తిప్పగలడు, రెప్ప వేయగలడు. పక్కలకు చూడలేడు. కనుబొమ కదపలేడు. నాలుక కదపలేడు.

అలాంటివాళ్ళ చేత మాట్లాడించడమే రువైదా ఉద్యోగం. కన్ను ఒక చిన్న బ్యాటరీ లాంటిది. అది పైకి తిరిగితే కనుబొమ మీద అతికించిన బిళ్ళ దగ్గర కరెంటు ఒక పిసరు పెరుగుతుంది, కిందికి తిరిగితే తగ్గుతుంది. ఆ తేడాను మిషన్ పట్టుకుంటుంది. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. ఆ నియమం మిషన్‌తో పాటే విదేశీ యూనివర్సిటీ నుంచి పెట్టెలో వచ్చింది. ఎవరో ఒక మగమనిషి గంభీరమైన గొంతుతో అన్న “అవును”, “కాదు” దాని స్పీకరులోంచి వినిపిస్తాయి. ఇంకో రెండు బిళ్ళలు వేళ్ళకు పెడతారు. మనసు కదిలితే అరచేతిలో కంటికి ఆననంత చెమట పడుతుంది, ఆ చెమట మీదుగా కరెంటు సులువుగా పారుతుంది, తెర మీద రెండో గీత లేస్తుంది.

పోయిన శనివారం వజీహ్ తమ్ముడు హైతమ్ మంచం పక్కన నిలబడి అడిగాడు. “అన్నా, దన్నియె కొండ మీదున్న రోగుల ఆశ్రమానికి నిన్ను పంపుదామా?”

కళ్ళు పైకి లేచాయి. “అవును,” అంది మిషన్.

అదే క్షణాన రెండో గీత తెర పైఅంచు దాటి పోయింది. రువైదా అలాంటి గీతను వజీహ్ దగ్గర అంతకుముందు చూడలేదు. రేపు, గురువారం, ఆశ్రమం నుంచి బండి వస్తుంది.

ఆసుపత్రి వరండాలో వదినా మరుదులిద్దరూ ఆమె కోసమే కూర్చుని ఉన్నారు.

“అదిగో, వచ్చింది కరెంటు డాక్టరమ్మ,” అన్నాడు హైతమ్.

“నేను డాక్టర్ని కాదండీ. ఎమ్మెస్సీ చేశానంతే.”

“మా వంశంలో పదో తరగతి గడప తొక్కినోడు లేడు, నా చెల్లీ. మాకు నువ్వే డాక్టరువి.”

రువైదా ఇంట్లోనూ అంతే. ఆమె తండ్రి బీరూట్ దారిలో అద్దె కారు నడుపుతాడు. ప్రతి ప్రయాణికుడికీ మా అమ్మాయి మెదడు కరెంటు చూస్తుందని చెబుతాడు. అది మెదడు కాదు నాన్నా అని చెప్పి చెప్పి ఆమె విసిగిపోయింది.

“పొగడ్తలు తర్వాత,” అంది సునియ్య. “నాకు చెప్పమ్మా. నిజంగా అన్నాడా?”

“మిషన్‌లో అవుననే పడింది, ఉమ్ రాగిద్.”

“మిషన్‌లో ఏం పడిందో నేనూ విన్నా. చెవుడు రాలేదు నాకు. ఆయన మనసులో ఏం పడిందని అడుగుతున్నా.”

“వదినా, నాకేమన్నా సరదానా?” హైతమ్ గొంతు పెంచాడు. “మీ ఇల్లేమో ఐదో అంతస్తు. ఆ లిఫ్టు కదిలి ఎన్నాళ్ళయింది? అన్నను ఎవరు మోస్తారు? గొంతులో కఫం లాగే మిషన్‌కు కరెంటు పోతే ఏం చేస్తావ్? నోటితో లాగుతావా?”

“లాగుతా.”

“లాగుతుందట! అక్కడ కొండ మీద కరెంటు పోదు. నర్సులున్నారు. గాలి మంచిది. అన్నకు ఆ మాత్రం తెలుసు కాబట్టే అవునన్నాడు.”

“ఆయన అనలేదు. డబ్బా అంది.”

రువైదా మధ్యలో నిలబడిపోయింది. హైతమ్ చెడ్డవాడు కాదు. అన్న పడిపోయిన రోజు నుంచి వర్క్‌షాపు మూసి ఆసుపత్రిలోనే ఉంటున్నాడు. తను ఏం చెప్పినా ఒకరి మీద ఒకరికి రాయి అందించినట్టవుతుంది. “సాయంత్రం లోపల చెబుతాను,” అంది. ఎలా చెబుతుందో ఆమెకే తెలియదు.

డాక్టర్ షౌకీ గదిలో, శనివారం లేచిన చెమట గీత గురించి ఆమె మాట పూర్తికాకుండానే ఆయన చెయ్యి ఎత్తాడు.

“చెమటకు అవునూ కాదూ తెలియవు, రువైదా. సంతోషమొచ్చినా చెమటే, కోపమొచ్చినా చెమటే. అది నీకు నేనే చెప్పాను.”

“తెలుసు దక్తూర్. కానీ మొత్తం రికార్డింగులు మళ్ళీ చూశాను. చల్లటి ప్రశ్నలకు ఆయన జవాబులు ఒక్కటీ తప్పు లేవు. పేరు, ఊరు, తేదీ, వారం, అన్నీ సరిగ్గా చెప్పాడు. రెండో గీత లేచిన ప్రశ్నలకే తేడాగా ఉన్నాయి. రాగిద్ సైన్యంలోంచి ఫోన్ చేసినప్పుడు, మీరు ఏడుస్తున్నారని వాడికి చెప్పమంటారా అని అడిగితే అవునని పడింది. ఉమ్ రాగిద్ నెత్తి కొట్టుకుంది, ఆయన జన్మలో అలా అనడని.”

“కాబట్టే ఆ జవాబులు తీసేయమంటున్నా. మనసు కుదురుగా లేనప్పుడు కన్ను ఎటైనా కొట్టుకుంటుంది. దాన్ని మనం లెక్కలోకి తీసుకోం. మన పరిశోధన వ్యాసంలో ఆ మాటే రాద్దాం.”

“మరి శనివారం జవాబు? అది అన్నిటికంటే వేడి జవాబు దక్తూర్. దాన్ని కూడా తీసేస్తామా?”

“అది వ్యాసం కాదు. కుటుంబ విషయం. వాళ్ళు విన్నారు, ఫైల్లో పడింది.”

“వ్యాసానికి పనికిరాని జవాబు మనిషిని ఊరు దాటించడానికి పనికొస్తుందా?”

షౌకీ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “నీకు జాలి వేస్తోంది. జాలి మంచిదే. కానీ నువ్వు కొలిచే మనిషివి. కొలతలో తప్పుందంటే తప్పెక్కడుందో చూపించు. చూపించలేకపోతే సంతకం తీసుకుని వెళ్ళు.”

ఆమె సంతకం తీసుకోలేదు. ఒక్క మాట కూడా పట్టించుకోకుండా పొమ్మని ఉంటే కోపంతోనైనా బయటపడేది. ఆయన అడిగింది న్యాయమే. అందుకే మరింత మంటగా ఉంది. తప్పు ఉందని ఒళ్ళంతా చెబుతోంది, ఎక్కడుందో చెప్పడం లేదు.

జిగురు దొరకలేదు. పిండిలో ఉప్పు నీళ్ళు పోసి తనే కలిపింది. మొదటిసారి గంజిలా జారింది, రెండోసారి ముద్దలా గట్టిపడింది. బిళ్ళలు కడిగి పెడితే ఒక దాని తీగ తెగి చేతికొచ్చింది. అతికించి తెర చూస్తే గీత నిండా ముళ్ళు. జనరేటరు గురక అందులోకి దిగింది. కిటికీలోంచి అబూ షాదీని కేకేసింది.

“లైను మార్చవద్దన్నాను కదా!”

“మార్చలేదు బంగారుతల్లీ! అది మారింది!” అని కింద నుంచి కేక.

రువైదా చేతిలో బ్రష్షును గోడకేసి కొట్టింది. తర్వాత లేచి వెళ్ళి ఏరుకుంది. అది ఒక్కటే ఉంది.

ఎట్టకేలకు ముళ్ళు తగ్గాయి. కొత్త జిగురు పట్టుకుంటుందో లేదో చూడాలంటే ఎవరో ఒకరి ముఖానికి పెట్టాలి. తన ముఖానికే పెట్టుకుంది. కనుబొమ మీద ఒకటి, కంటి కింద ఒకటి, చెవి వెనుక ఒకటి, వేళ్ళకు రెండు. ముఖం కదిలిస్తే గీత పాడవుతుంది కాబట్టి బిగదీసుకుని కూర్చుంది. పైకి చూసింది. “అవును.” కిందికి చూసింది. “కాదు.” బాగానే ఉంది. ఇందులో తప్పెక్కడ?

తలుపు తోసుకుని నర్సు మయ్యాదా వచ్చింది. ఒక చేతిలో కాఫీ బుడ్డి, ఇంకో చేతిలో గ్లాసులు.

“ఇదేంటే, పెళ్ళికూతురి అలంకారమా? పొద్దుట్నుంచి ఏం తినలేదు నువ్వు. కాఫీ పొయ్యనా?”

రువైదాకు కాఫీ కాదు కదా, ప్రాణం మీదే విసుగ్గా ఉంది. వద్దంది. మిషన్ “అవును,” అంది.

“పొయ్యమంటోందిగా,” అని మయ్యాదా వంచబోయింది.

రువైదా మళ్ళీ వద్దంది. ఈసారి చిరాగ్గా. “అవును,” అంది మిషన్ మరింత గంభీరంగా.

“నువ్వేమో వద్దంటావ్, అదేమో అవునంటుంది. ఇద్దరూ తేల్చుకోండి, చెయ్యి నొప్పెడుతోంది నాకు.”

రువైదా కదల్లేదు. ట్రిపోలీలో వద్దనడానికి ఎవరూ తల అడ్డంగా ఊపరు. కనుబొమలు పైకెత్తి, కళ్ళు ఆకాశానికి పెట్టి, నాలుకతో ‘ట్చ్’ అంటారు. చంటిపిల్లలు మాటలు రాకముందే అది నేర్చుకుంటారు. కూరల బండి దగ్గర, అద్దె కారు కిటికీలో, అమ్మ వంటింట్లో, రోజంతా అందరూ చేసేదే. ఆమె కూడా ఇప్పుడు అదే చేసింది. చేస్తున్నానన్న ఎరుక లేకుండానే చేసింది. తెర మీద కంటి గీత గోడలా నిలువునా లేచి ఉంది. దాని పక్కనే చెమట గీత.

వజీహ్‌కు కనుబొమలు లేవవు. నాలుక కదలదు. ఇక మిగిలింది కళ్ళే.

“మయ్యాదా,” అంది రువైదా, బిళ్ళలు ఊడిపోతాయన్న భయం కూడా లేకుండా. “మనం ఆయన్ను ఏం చేశాం?”

షౌకీ మొదట ఒప్పుకోలేదు. ఆమె తెర మీద తన గీతనూ వజీహ్ శనివారం గీతనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. తనూ ట్రిపోలీలోనే పుట్టాడు, తనూ రోజూ అలాగే వద్దంటాడు.

“కానీ చూడు,” అన్నాడు చివరికి. “నియమం తిరగేస్తే నీకు కావలసిన జవాబే వస్తుంది. తిరగేసింది నువ్వు. ఆయన తమ్ముడు నమ్ముతాడా? నేను నమ్మాలా?”

“జవాబు ముందే మనకు తెలిసిన ప్రశ్నలు అడుగుదాం దక్తూర్. ఆయన ఒళ్ళు మండే ప్రశ్నలు.”

మధ్యాహ్నం మయ్యాదాతో కలిసి ఐదుగురూ మంచం చుట్టూ చేరారు. సునియ్య భర్త తల కింద దిండు సర్ది, పెదవులు తుడిచింది. రువైదా బిళ్ళలు అతికించి, జరిగిందేమిటో ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టింది.

“అబూ రాగిద్, మీ పేరు వజీహేనా?”

“అవును.”

“మనం ఇప్పుడు బీరూట్‌లో ఉన్నామా?”

కళ్ళు కిందికి. “కాదు.”

చెమట గీత నేలమీద పాములా పడుకుని ఉంది. రువైదా హైతమ్ వైపు తిరిగింది. “ఇప్పుడు మీరు అడగండి. ఆయనకు కోపం రావాలి. జవాబు మాత్రం మీ ఇద్దరికీ అనుమానం లేకుండా తెలిసుండాలి.”

“జబ్బు మనిషికి కోపం తెప్పించమంటావా? ఇదేం వైద్యం?”

“ఒక్కసారికి నా మాట వినండి.”

హైతమ్ గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి అతని ముఖంలోకి ఒక పాత కొంటెతనం వచ్చింది. మంచం మీదికి వంగాడు. “అన్నా. ఇప్పటికైనా ఒప్పుకో. చెక్కడంలో నీకంటే నేనే గొప్పోణ్ణి. ఔనా?”

చెమట గీత ఎగిసిపడింది. కళ్ళు పైకి తిరిగాయి, నల్లగుడ్డు రెప్ప కిందికి పోయేంతగా.

“అవును,” అంది మిషన్.

మయ్యాదా కిసుక్కుమంది. సునియ్య తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హైతమ్ నవ్వలేదు. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మీసం రాకముందు నుంచి ఈ ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నా,” అన్నాడు. “ప్రాణం పోయినా అనడు. నేను చెక్కిన ప్రతి ఆకూ క్యాబేజీలా ఉందంటాడు. ఇది అన్న మాట కాదు.”

“ఇంకొకటి అడగండి,” అన్నాడు షౌకీ. ఆయన ముందుకు వచ్చి తెర దగ్గర నిలబడ్డాడు.

“అన్నా, ఫ్యాక్టరీలో అచ్చు పోసిన ప్లాస్టిక్ పువ్వులు జిగురుతో అంటిస్తే మన పనిలాగే ఉంటాయి కదా?”

“అవును.”

“నాన్న ఉలి అమ్మేశాను. మంచి పనే చేశాను కదా?”

“అవును. అవును.” కళ్ళు దిగడం లేదు.

“అమ్మలేదు, అమ్మలేదు! ఇంట్లోనే ఉంది!” హైతమ్ అన్న చెయ్యి పట్టుకున్నాడు. “ఊరికే అన్నాను. శాంతించు.” తర్వాత రువైదా వైపు చూశాడు. అప్పటికే అతనికి సగం అర్థమైంది. ఆమె కనుబొమలు పైకెత్తి ‘ట్చ్’ అని చూపించింది.

సునియ్య అరచేత్తో నుదురు కొట్టుకుంది. “రోజుకు ఇన్నిసార్లు నా ముందే చేస్తున్నాడు. ఆ డబ్బా అరుపు వింటూ కూర్చున్నానే గానీ ఆయన ముఖం చూడలేదు నేను!”

“మనసు చల్లగా ఉన్నప్పుడు మేం నేర్పింది గుర్తుంటోంది,” అంది రువైదా. “వేడెక్కితే వాళ్ళమ్మ నేర్పిందే వస్తోంది.”

ఆమె స్పీకరు తీగ పీకేసింది. వజీహ్ కళ్ళకు ఎదురుగా వంగింది. “అబూ రాగిద్, తప్పు మాది. ఇకమీదట మన ఊరి పద్ధతే. కళ్ళు పైకెత్తితే వద్దని, కిందికి దించితే సరేనని. అర్థమైందా?”

ఆయన కళ్ళు దించాడు. అంత నెమ్మదిగా, అంత నిండుగా దించడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

హైతమ్ గొంతు సవరించుకున్నాడు. “అన్నా. కొండ మీదికి వెళ్తావా?”

కళ్ళు పైకి లేచాయి. దిగలేదు. రెప్పలు అదురుతున్నా, నీళ్ళు కారుతున్నా దిగలేదు. సునియ్య ఇక చాలు, ఇక చాలు అని చెంప నిమిరేదాకా అలాగే ఉంచాడు.

“ఐదు అంతస్తులు,” అన్నాడు హైతమ్ ఎవరితోనూ కాకుండా.

“ఎవరు మోస్తారని అడిగావుగా,” అంది సునియ్య.

“మోస్తాలే వదినా. నేను క్యాబేజీలు చెక్కేవాణ్ణే గానీ భుజాలున్నాయి.” లేచాడు. “వర్క్‌షాపు బ్యాటరీలు ఖాళీగా పడున్నాయి. అవి పైకి చేరుస్తా. కఫం మిషన్‌కు సరిపోతాయి. సరిపోకపోతే నువ్వు నోటితో లాగుదువు గాని.” ఫోన్ తీసి, బండి రావద్దని చెప్పడానికి వరండాలోకి వెళ్ళాడు. పోతూ పోతూ రువైదా దగ్గర ఆగాడు. “దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి, నా చెల్లీ. ఆ డబ్బాను మాత్రం సముద్రంలో పారెయ్.”

ఇక్కడితో ఆగిపోయి ఉంటే రువైదా ఆ రోజు ఇంటికి హాయిగా వెళ్ళేది.

నియమం ఇవాళ్టి నుంచి మార్చామని షౌకీ రాయించాడు. ఆమె ముఖం చూసి, “బాగా చేశావు,” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

“పాతవి దక్తూర్?”

“ఏం పాతవి?”

“ఈయనకు ముందు ఈ మిషన్ మీద ఇంకొకరు ఉన్నారు.”

ఆమె పేరు నాజిక్ దబ్బూసీ. మీనా రేవులో సుంకాల కచేరీలో గుమస్తాగా పనిచేసేది. పెళ్ళి చేసుకోలేదు. నడుము దాటిన జుట్టు, దాన్ని తనే దువ్వుకుని తనే జడ వేసుకునేదని ఆమె చెల్లెలు చెప్పింది. వజీహ్‌కు వచ్చిన జబ్బే ఆమెకూ వచ్చింది. మంచం మీద ఆ జుట్టు చిక్కులు పడుతోందని, తల కింద పుండ్లు పడతాయని ఒకరోజు అడిగారు. నాజిక్ గారూ, జుట్టు పూర్తిగా తీసేద్దామా?

మిషన్ అవునంది. మళ్ళీ మళ్ళీ అంది. ఎంత తొందరో చూడండి అని అందరూ నవ్వారు, తెలివైన మనిషని మెచ్చుకున్నారు. రువైదా కూడా అక్కడే ఉంది. ఆ మధ్యాహ్నమే జుట్టు తీసేశారు. తర్వాత నాజిక్ కళ్ళు మూసుకుంది. ప్రశ్నలు అడిగితే కళ్ళు తెరవడం మానేసింది. సహకరించడం లేదని మిషన్ తీసేశారు. మొన్నటి చలికాలం మొదట్లో పోయింది.

రువైదా ఆ రికార్డింగు తీసి షౌకీ ముందు పెట్టింది. కంటి గీత లేచి, దిగి, లేచి, దిగి, లేచి ఉంది. దాని కింద చెమట గీత కొండలా ఉంది.

ఆయన తల దించుకున్నాడు. “ఇప్పుడేం చేయగలం?”

“జవాబు సరిదిద్దుదాం. అవునని ఉన్నచోట వద్దని రాద్దాం.”

“మూసేసిన ఫైలు రువైదా. ఆమే లేదు. సరిదిద్ది ఎవరికి చెబుతావు?”

రువైదా కిందికి దిగి, జనరేటరు పొగలోంచి నడిచి, తండ్రి అద్దె కారు ఆగే చోటికి వెళ్ళింది. ఎవరికి, ఎవరికి అని దారంతా అనుకుంటూనే ఉంది. మరునాడు ఫైలు సరిదిద్దమని షౌకీని మళ్ళీ అడిగింది. ఆ వారం, ఆ తర్వాతి వారం కూడా అడిగింది. ఆ ఫైలు నేటికీ అలాగే ఉంది.

ఎవరికి చెప్పాలో తెలియక ఈ కథ మీకు చెప్పడమైంది. మీరు ఆ ఊరు వెళ్ళనక్కర్లేదు, ఎవరినీ నిలదీయనక్కర్లేదు. మీనా రేవులో నాజిక్ దబ్బూసీ అని ఒకావిడ ఉండేది. జుట్టు తీసేద్దామా అని అడిగితే వద్దంది. దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.